భారతి మెచ్చిన వంటల పుస్తకం

వంటల పుస్తకాన్ని చదివి మంచిచెడ్డలు చెప్పకూడదని భారతి నమ్మకం. వండి చూడాలి, తినాలి, ఇంకొకరికి పెట్టాలి, ఆ తర్వాతే మాట్లాడాలి. ఆమె హనుమకొండలో ఒక ప్రైవేటు మహిళా కాలేజీలో హోంసైన్సు చెబుతుంది. ఒక స్థానిక పత్రిక ఆదివారం పేజీలో వంటల పుస్తకాల మీద ఆమె రాసే శీర్షికకు మంచి పేరుండేది. పేజీ చూసే రమాకాంత్ కొత్త పుస్తకాలు కట్టగట్టి పంపేవాడు. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది కాబట్టి వంటింట్లో ఎన్ని ప్రయోగాలు చేసినా అడిగేవాళ్లు లేరు. వండినవాటిలో సగం వరంగల్ చౌరస్తా దగ్గర కిరాణా దుకాణం నడిపే అన్న సారంగపాణి ఇంటికి టిఫిన్‌లో వెళ్లేవి.

ఈ మధ్య వచ్చేవన్నీ ఆరోగ్యం పుస్తకాలే. షుగరుకు, బీపీకి, బరువు తగ్గడానికి. భారతి వాటిలో చాలావాటిని నిర్మొహమాటంగా చీల్చి చెండాడేది. ఆలివ్ నూనె లేనిదే పోపు పెట్టని పుస్తకాన్ని, వరంగల్ మార్కెట్‌లో ఎవరూ పేరు కూడా వినని విత్తనాలు నానబెట్టమనే పుస్తకాన్ని పక్కన పెట్టేసేది. అరగంటలో అవుతుందన్న కూర గంటన్నరకు గాని ఉడక్కపోతే ఆ సంగతి రాసేది. అన్నిటికన్నా ఆమెకు కోపం తెప్పించే మాట 'తగినంత ఉప్పు'. తగినంత అంటే ఎంతో తెలియకే కదా జనం మంచాన పడుతున్నారు, అది చెప్పలేనివాళ్లు ఆరోగ్యం గురించి పుస్తకం ఎందుకు రాయాలి అని ఒకసారి రాసింది. ఆ వారం పత్రికకు చాలా ఉత్తరాలు వచ్చాయి.

ఆకుపచ్చ అట్ట పుస్తకం వచ్చినప్పుడు ఆమెకు మొదట నచ్చింది అందుకే. అందులో ప్రతి వంటకూ ఉప్పు కొలత ఉంది. నూనె చెంచాల్లో ఉంది. రాసిన ఆవిడ హైదరాబాద్‌లో ఉంటుంది. వీడియోల్లో చాలామందికి తెలిసిన మనిషి. అయినా ఆమె రాసిన వంటలు మన ఇళ్లలోవే. జొన్న గటుక, పచ్చిపులుసు, తక్కువ నూనెతో సర్వపిండి. భారతి సర్వపిండిని మూడు పూటలు వరసగా చేసి చూసింది. అడుగంటలేదు, విరగలేదు, పల్లీల రుచి ఎక్కడికీ పోలేదు. మామూలు ఉప్పు బదులు సోడియం తక్కువుండే ఉప్పు వాడమని, పొద్దున్నే పాలకూర, కొత్తిమీర, టమాటా కొబ్బరినీళ్లతో కలిపి తాగమని పుస్తకం చెప్పింది. ఆ రసం కూడా భారతి తాగి చూసింది. బాగానే ఉంది. ఇంటిల్లిపాదీ నిశ్చింతగా వాడుకోవచ్చని ముందుమాటలో ఉంది.

'షుగరూ బీపీ ఉన్న ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఉండాల్సిన పుస్తకం' అని ఆమె రాసింది. అంత మెచ్చుకోలు అంతకుముందు ఏ పుస్తకానికీ ఇవ్వలేదు.

సారంగపాణికి షుగరు పాతది. బీపీ దాని వెంటే వచ్చింది. ఆ చలికాలంలో పాదాలు ఉబ్బితే డాక్టరు పరీక్షలు చేయించి, కిడ్నీలు కొంచెం బలహీనపడ్డాయి, ఉప్పు తగ్గించండి, మళ్లీ రండి అన్నాడు. సారంగపాణి మళ్లీ వెళ్లలేదు. ఉప్పూ తగ్గించలేదు. గల్లా దగ్గర కూర్చుంటే సాయంత్రం బజ్జీల పొట్లం రావాల్సిందే. అన్నంలోకి మామిడికాయ తొక్కు లేకపోతే చెయ్యి కదలదు. భార్య కళావతి చప్పటి కూర పెట్టిన రోజు కంచం జరిపి లేచిపోయేవాడు. ఆమె మెత్తని మనిషి. రెండో పూటకు మళ్లీ ఎప్పటిలాగే వండేది. వండి, వాకిట్లో నిలబడి ఆడబిడ్డకు ఫోన్ చేసి ఏడ్చేది.

ఆకుపచ్చ పుస్తకం పట్టుకుని భారతి వెళ్లింది ఆ ఇంటికే.

"వదినా, గీ పుస్తకం జూసి వండు. అన్న తినకుంటే నన్నడుగు," అంది.

కళావతి పుస్తకాన్ని పసుపు చేతులతో పట్టుకోవడానికి జంకి, కొంగుతో తుడుచుకుని అందుకుంది. తను ఏడో తరగతి వరకే చదివానని, ఈ కొలతలవీ తనకు పట్టుబడతాయా అని సందేహపడింది. భారతి కాలేజీ అయ్యాక రోజూ వచ్చి పక్కన నిలబడి నేర్పింది. కొలత చెంచాలు కొనిచ్చింది. సారంగపాణి మొదటి రోజు ముఖం చిట్లించాడు. సర్వపిండి తిన్నాక ఇంకొకటి అడిగాడు.

ఆ తర్వాత ఆ ఇల్లు మారిపోయింది. ముప్పై ఏళ్లుగా ఎవరి మాటా వినని మనిషి చెల్లెలి మాట విన్నాడు. పొద్దున్నే గ్లాసెడు పచ్చటి రసం తాగి, ఖాళీ గ్లాసు కళావతికి చూపించి దుకాణానికి పోయేవాడు. బజ్జీలు మానేశాడు. చొక్కాలు వదులయ్యాయి. సోడియం తక్కువున్న ఉప్పు తన దుకాణంలోనే పెట్టి, వచ్చినవాళ్లందరికీ అదే తీసుకోమని చెప్పేవాడు. "మా చెల్లె పేపర్ల రాసింది, ఊకెనే రాస్తదా?" అనేవాడు. ఆ మాట ఎవరో చెబితే విని భారతి ఆ రోజంతా సంతోషంగా ఉంది. కళావతి అయితే చాలా ఏళ్ల తర్వాత నిబ్బరంగా నిద్రపోతున్నానని చెప్పింది.

కిడ్నీల సంగతి భారతికి తెలియనిది కాదు. ఉప్పు తగ్గితే వాటికీ మంచిదే అనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు.

ఎండలు ముదిరాక సారంగపాణి కాళ్లలో సత్తువ లేదంటూ ఉండేవాడు. మెట్లెక్కితే తొడలు బరువుగా ఉన్నాయనేవాడు. వరంగల్ ఎండలకు ఎవరికి మాత్రం సత్తువ ఉంటుంది? కళావతి ఇంకో కొబ్బరిబోండం కొట్టించింది. పుస్తకంలో ఎండాకాలం పేజీ తీసి, అందులో చెప్పినట్టు మధ్యాహ్నం కూడా రసం ఇచ్చింది.

ఒక పొద్దున దుకాణం తెరిచి కూర్చున్న మనిషి, ఎవరో నూనె అడిగితే లేవబోయాడు. కాళ్లు లేవలేదు. నవ్వి మళ్లీ ప్రయత్నించాడు. చేతులు కూడా పట్టు తప్పాయి. పక్క దుకాణాల వాళ్లు ఎత్తి ఆటోలో వేసి సుబేదారిలో ఒక దవాఖానకు తీసుకుపోయారు. భారతి కాలేజీ నుంచి వచ్చేసరికి గుండె పరీక్ష కాగితం చూసి నర్సులు పరుగులు పెడుతున్నారు. రక్తంలో పొటాషియం ప్రాణం మీదికి వచ్చేంత పెరిగిందని, ఇప్పుడే డయాలసిస్ చేయాలని, సంతకం పెట్టమని అన్నారు. కళావతి కాగితం ఆమె వైపు జరిపితే భారతి పెట్టింది.

మనిషి బతికాడు. సాయంత్రం డాక్టరు ఇద్దరినీ గదిలోకి పిలిచి రోజూ ఏం తింటాడో చెప్పమన్నాడు. కళావతి ముఖంలో కొంచెం ధైర్యం వచ్చింది. ఇంత శ్రద్ధగా చూసుకున్న సంగతి చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికినట్టు, అన్నీ చెప్పింది. పచ్చటి రసం, అందులో ఏమేం వేస్తుందో, కొబ్బరినీళ్లు, కొలత ప్రకారం ఉప్పు. మామూలు ఉప్పు కాదు సార్, మంచి ఉప్పు అని ఆ కంపెనీ పేరు కూడా చెప్పింది.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. అరవలేదు. ఆ ఉప్పులో సోడియం తగ్గించి ఆ స్థానంలో పొటాషియం కలుపుతారని, కిడ్నీలు బాగున్నవాళ్లకు అది మేలేనని, బలహీనపడ్డవాళ్లు దాన్ని బయటికి పంపలేరని చెప్పాడు. ఆకుకూర రసం, టమాటా, కొబ్బరినీళ్లు కూడా అంతే. ఆయన వేసుకునే బీపీ గోళీ సైతం పొటాషియాన్ని ఒంట్లో నిలిపే రకం.

"గివన్నీ వాడుమని ఎవరు చెప్పిన్రమ్మా?" అని అడిగాడు.

కళావతి భారతి వైపు చూడలేదు. బల్ల మీద ఉన్న నీళ్ల గ్లాసు వైపు చూస్తూ, "పుస్తకంల ఉన్నది సార్," అంది.

ఆ జవాబుతో కళావతి తనను కాపాడిందని భారతికి అర్థమైంది. పొటాషియం పాఠం తను ఏటా చెప్పేదే. అరటిపండు, కొబ్బరినీళ్లు, ఆకుకూరలు అని నల్లబల్ల మీద రాసి పిల్లలతో చదివించేదే. అది కండరాలకు మేలు చేస్తుందని చెప్పేది. అది ఎవరికి కీడు చేస్తుందో కూడా ఆ పాఠంలోనే ఒక వాక్యం ఉంది. పరీక్షలో రాదు కాబట్టి దాని మీద ఎప్పుడూ ఆగలేదు.

కిడ్నీలు మళ్లీ కోలుకోలేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పదన్నారు. ఇదంతా ఆ తిండి వల్లేనా అని భారతి డాక్టరును ఒంటరిగా కలిసి అడిగింది. కిడ్నీలు ఎలాగూ పోయే దారిలోనే ఉన్నాయని, ఇంకా కొన్నేళ్లు వచ్చేవో, ఈ ఏడాదే పోయేవో ఎవరూ చెప్పలేరని ఆయన అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. ఆమెకు అది ఏ రకంగానూ ఆసరా కాలేదు. నీవల్లే అని తేల్చి చెప్పినా తట్టుకునేదేమో.

ఇంటికి వచ్చి ఆకుపచ్చ పుస్తకం ఇంకో ప్రతి తెప్పించి మొదటి పేజీ నుంచి చదివింది. చిట్టచివరి అట్ట లోపల, అచ్చువేసినవాళ్ల చిరునామా కింద, చీమల బారు లాంటి అక్షరాల్లో, వ్యాధులున్నవారు వైద్యుల సలహా తీసుకోవాలని ఉంది. సర్వపిండి మూడు పూటలు చేసి చూసిన మనిషి ఆ పేజీ తిప్పలేదు. ఏ వ్యాధి, ఏ వంట, ఎందుకు అన్నది అక్కడ కూడా లేదు.

రమాకాంత్‌కు సవరణ రాసి పంపింది. తను పొరపాటు పడ్డానని, కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఆ పుస్తకంలోని ఉప్పు, రసాలు ప్రమాదమని పుస్తకం పేరుతో సహా రాసింది. అతను ఫోన్ చేశాడు. చెడ్డవాడు కాదు. సారంగపాణి గురించి బాధపడ్డాడు కూడా. అయితే పుస్తకం పేరుపెట్టి రాస్తే దాన్ని అచ్చువేసినవాళ్లు కోర్టుకు పోతారని పైవాళ్లు భయపడుతున్నారని, పేరు లేకుండా మామూలు వ్యాసంలా రాయమని అడిగాడు. ఆమె చాలాసేపు వాదించి, చివరికి ఏమీ రాకపోవడం కన్నా నయం అనుకుని ఒప్పుకుంది. 'పొటాషియంతో జాగ్రత్త' అని రెండు పేరాలు లోపలి పేజీలో, కుట్టుమిషన్ల ప్రకటన పక్కన వచ్చాయి. దానికి ఒక్క ఉత్తరమూ రాలేదు.

వానాకాలం మొదట్లో ఆ పుస్తకం రెండోసారి అచ్చయింది. బస్టాండు దగ్గర పుస్తకాల బండి మీద చూసి చేతిలోకి తీసుకుంది. వెనక అట్ట మీద, పత్రిక పేరు పైన, ఆమె రాసిన వాక్యమే లావు అక్షరాల్లో ఉంది. అచ్చువేసినవాళ్లకు ఫోన్ చేస్తే, మాట్లాడిన అమ్మాయి ఆమె ఎవరో తెలిసి ఎంతో మర్యాదగా కృతజ్ఞతలు చెప్పింది. జిల్లాల్లో ఆ మాట చూసే జనం కొంటున్నారట. ఆ వాక్యం తీసేయమని, లోపల హెచ్చరిక వేయమని భారతి అడిగింది. పైవాళ్లకు చెబుతామంది. తర్వాత ఎన్నిసార్లు చేసినా పైవాళ్లు మీటింగులోనే ఉన్నారు.

అప్పుడామె చేయగలిగిందల్లా అన్నకు సరిపడే వంట వెతకడం. బీరువాలోని పుస్తకాలన్నీ దించి, ఈసారి రుచీ కొలతా కాకుండా, ఇది ఎవరు తినకూడదో చెప్పారా అని మాత్రమే చూసింది. చెప్పిన పుస్తకం కనబడలేదు. కిడ్నీ రోగుల కోసమే రాసిన పుస్తకం ఒకటి హైదరాబాద్ నుంచి తెప్పిస్తే ఇంగ్లీషులో వచ్చింది. అందులో వంటలు రొట్టెముక్కల మధ్య కోడిమాంసం పెట్టుకుని తినేవాళ్లకు. శుక్రవారం మాంసం ముట్టని, పచ్చిపులుసు లేనిదే ముద్ద దిగని సారంగపాణి లాంటి మనిషి అందులో ఎక్కడా లేడు. డయాలసిస్ మొదలయ్యాక మాంసకృత్తులు ఎక్కువ కావాలంటారు, పొటాషియం ఉందని పప్పు తగ్గించమంటారు. కూరగాయలు ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. తాగే నీళ్లు కూడా కొలిచి ఇవ్వాలి. భారతి వారం రోజులు వండి, రుచి చూసి, కాస్త నోటికి రుచి తగిలే నాలుగైదు కూరలు తేల్చుకుని, ఆ ఇంగ్లీషు పుస్తకం కూడా సంచిలో వేసుకుని అన్న ఇంటికి వెళ్లింది.

కళావతి వంటింట్లో సొరకాయ తరుగుతోంది. భారతి సంచిలో నుంచి పుస్తకం తీయగానే కత్తిపీట పక్కకు జరిపింది.

"ఇగ పుస్తకాలు వద్దు భారతీ."

"గిది వేరే వదినా. నేను వండి చూసిన—"

"అప్పుడు గూడ వండి చూసినవు." గొంతులో కోపం లేదు. అలసట మాత్రమే ఉంది. "నిన్ను ఏమంటలేను. నువ్వు మంచికే తెచ్చినవు. కాని నా చేతులతోని రోజు గ్లాసు నింపి ఇచ్చిన. తాగిండా లేదా అని నిలవడి చూసిన. గా సంగతి నాకే ఎరుక. ఇగ నా వంటింట్లకు ఏ పుస్తకం తేకు."

భారతి పుస్తకం సంచిలో పెట్టుకుని ముందు గదిలోకి వచ్చింది.

సారంగపాణి మంచం మీద ఉన్నాడు. ముఖం నల్లబడింది. చేతి మీద సూదులు గుచ్చిన చోట్ల కమిలిపోయి ఉంది. వంటింట్లో మాటలు అతనికి వినబడ్డాయి. ఆమె మంచం పక్కన కూర్చుని, ఇన్నాళ్లూ చెప్పలేకపోయినది చెప్పింది. "నా వల్లనే అయింది అన్నా."

"నువ్వేం జేస్తవు చెల్లె," అన్నాడు అతను. మాట్లాడితే ఆయాసం వస్తోంది. "ఆ పుస్తకం రాసినామెకు నేనెవరో ఎరుకనా? అందరికని రాసింది. ఫికర్ చెయ్యకు."

ఓదార్చడానికే అన్నాడు. రాసినామెకు అతనెవరో తెలియదు, నిజమే. తనకు తెలుసు. ఉబ్బిన పాదాలు తెలుసు, డాక్టరు అన్న మాట తెలుసు. ఆమె అతని చెయ్యి నిమరబోయి, కమిలిన చోటు చూసి ఆగిపోయింది. కాసేపటికి అతను దాహమన్నాడు. ఆ పూటకు ఇవ్వాల్సిన నీళ్లు అయిపోయాయని కళావతి లోపల్నుంచి చెప్పింది.

ఆ తర్వాత అతనికి తిండి మీద ధ్యాస పోయింది. ఏం పెట్టినా రెండు ముద్దలు కెలికి వదిలేసేవాడు. తొక్కు పెట్టమని కూడా అడగలేదు. వానలు వెనకబట్టాక, ఒక పొద్దున డయాలసిస్‌కు పోవడానికి చెప్పులు తొడుక్కుంటూ గడప దగ్గర కూర్చున్నవాడు అలాగే పక్కకు ఒరిగిపోయాడు. ఆటో వాడు వాకిట్లో హారను కొడుతూనే ఉన్నాడు.

దినాలప్పుడు వచ్చిన ఆ గల్లీ ఆడవాళ్ల మాటల్లో భారతికి ఒక సంగతి తెలిసింది. సారంగపాణి చెప్పి ఇచ్చిన ఉప్పునే చాలా ఇళ్లలో ఇంకా వాడుతున్నారు. దుకాణం మూసి ఉండటంతో వేరేచోట కొంటున్నారు. ఆకుపచ్చ పుస్తకం కూడా ఒకరిద్దరి దగ్గర ఉంది. మర్నాటి నుంచి ఆమె కాలేజీ అయ్యాక ఆ గల్లీలో ఇల్లిల్లూ తిరిగింది. ఉప్పు మానేయమని ఒక్క మాటలో చెప్పే వీలు లేదు. కిడ్నీలు బాగున్నవాళ్లకు అది మంచిదే. మానేస్తే మళ్లీ మామూలు ఉప్పు గుమ్మరించుకుంటారు. అందుకని ముందు రక్తపరీక్ష చేయించుకోండి, డాక్టరును అడగండి అని చెప్పింది. కొందరు తలూపారు. ఒకాయన, ముందు మీరే మంచిదని రాశారు గదా మేడం, ఇప్పుడు కాదంటే ఏది నమ్మాలని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. ఆమె మళ్లీ రక్తపరీక్ష సంగతే చెప్పింది.

గల్లీ చివర ఉండే ముసలి భద్రమ్మకు షుగరు, కాళ్ల వాపు రెండూ ఉన్నాయి. ఆమెను కూర్చోబెట్టి భారతి నిదానంగా, మళ్లీ మళ్లీ చెప్పింది. రేపు నేనే వచ్చి దవాఖానకు తీసుకుపోతానంది. భద్రమ్మ అంతా విని ఆమె తల మీద చెయ్యి వేసింది.

"మీ అన్నకు కాలమొచ్చింది, పోయిండు బిడ్డా. ఉప్పు తిని ఎవలన్న సచ్చిన్రా? నువ్వు జర మనసు గట్టి చేసుకో."

మర్నాడు ఆటో తీసుకుని వెళ్తే, భద్రమ్మ కూతురి దగ్గరికి డోర్నకల్ పోయిందని చెప్పారు. ఎప్పుడొస్తుందో తెలియదన్నారు. కూతురి ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు.

భారతి శీర్షిక మానేసింది. రమాకాంత్ రెండుసార్లు అడిగి, ఆ పని ఇంకొకరికి ఇచ్చాడు. కొత్తగా రాసే ఆవిడ ఫోటోలు బాగున్నాయా లేదా చూసి మార్కులు వేస్తుంది. కాలేజీలో పొటాషియం పాఠం వచ్చినప్పుడు భారతి ఇప్పుడు ఆ ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు ఆగుతుంది. పిల్లలు, ఇది పరీక్షకు వస్తుందా మేడం అని అడుగుతారు. రాదని చెబుతుంది. వాళ్లు పెన్నులు కింద పెట్టేస్తారు.

కళావతి దుకాణం మళ్లీ తెరిచింది. గల్లా దగ్గర తనే కూర్చుంటోంది. ఆడబిడ్డతో మాటలు మానలేదు. పండక్కి పిలుస్తుంది, జ్వరమొస్తే వచ్చి చూస్తుంది. హనుమకొండ వైపు పనుంటే భారతి ఇంటికి వచ్చి కూర్చుంటుంది కూడా. అన్నం వడ్డిస్తానంటే మాత్రం, తినే వచ్చిన అంటుంది. ఎంత ఎండన పడి వచ్చినా, ఏ వేళకు వచ్చినా అదే మాట. భారతి మొదట్లో బతిమాలేది. ఇప్పుడు ఆమె వస్తోందని తెలిసినా పొయ్యి వెలిగించదు.